మొదటి బారీ

ఆడపిల్లల ఫుట్‌బాల్ పోటీలకు మా గల్లీ జట్టును ఎలా ఎంచుకోవాలన్నది మా ఇంటి అరుగు మీద తేలింది. తేలింది అనడం కూడా సరికాదు. వారం పొడుగునా అక్కడ కూర్చుని లొల్లి చేశారు, అంతే. మా అరుగుకు సాయంత్రం నీడ ఉంటుంది. చాయ్ పోస్తే రోజూ వస్తారని నేను పోయలేదు. పోయకపోయినా రోజూ వచ్చారు.

కిందటేడు బాగా ఆడే పిల్లలందరూ ఒకే బస్తీలో ఉండి, ఆ బస్తీ మిగతా వాళ్ళందరినీ ఓడించింది. చూసేవాళ్ళకు విసుగొచ్చింది. అందుకని ఈ ఏడు పోటీలు పెట్టేవాళ్ళు కొత్త పద్ధతి తెచ్చారు. ఆడదలచిన పిల్లల పేర్లన్నీ ఒకచోట రాసి పెడతారు. జట్ల పెద్దలు ఒకరి తర్వాత ఒకరు లేచి, తమకు కావలసిన పిల్లను పిలుచుకోవాలి. అందరిదీ అయ్యాక మళ్ళీ మొదటి నుంచి ఇంకో చుట్టు. ఏ గల్లీ పిల్లయినా ఏ జట్టుకైనా పోవచ్చు. పిలిచిన జట్టుకే ఆడాలి, ఆ జట్టు మైదానానికే రోజూ పోయి నేర్చుకోవాలి. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నదానికి చీటీలు వేశారు. ఇలాంటి వంతును మా వైపు బారీ అంటారు. మొదటి బారీ మాదన్నపేటలోని మా గల్లీకి వచ్చింది. మూడోది జహనుమా బస్తీకి పోయింది.

మొదటి బారీ వచ్చిందని మిఠాయి పంచారు. మర్నాటి నుంచి దాన్ని ఎలా వదిలించుకోవాలా అని ఆలోచించడం మొదలుపెట్టారు.

ఈ ఆలోచన మా పక్కింటి బస్సు కండక్టర్‌ది. ఆయన ఎప్పుడూ బంతి తన్నినట్టు నేను చూడలేదు. టీవీలో చాలా చూశాడు.

"మొదటి బారీల ఒక్క పోరి వస్తది. గంతే గదా?" అన్నాడు. "దాన్ని జహనుమాకు ఇచ్చేద్దాం. బదులు వాళ్ళ మూడో బారీ తీస్కుందాం, రెండో చుట్టుల వాళ్ళ బారీ గూడ తీస్కుందాం. ఒకటి ఇస్తే రెండొస్తయి."

మా జట్టు పెద్ద పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం ఉన్న పెద్దాయన. అందరం భాయ్‌సాబ్ అంటాం. ఆయన నిదానంగా, "మరి మంచి పిల్లను వాళ్ళు ఎత్కపోతే?" అన్నాడు.

"ఎత్కపోనీ భాయ్‌సాబ్. అందరూ బంతి వెంబడి ఉరుకుడే గదా. ఒక్కదాని కంటె ఇద్దరు ఉరుకుతే మంచిది."

ఒకటి ఇచ్చి రెండు తెచ్చుకోవడం నాకు తెలియని పని కాదు. మార్కెట్‌కు నేను పొద్దు వాలాకే పోతాను. అప్పటికి ఏరుకునే కూరగాయలు అయిపోయి ఉంటాయి, కుప్పలు మిగులుతాయి. కుప్పలో సగం బాగానే ఉంటుంది. కండక్టర్ చెప్పింది నాకు తప్పుగా తోచలేదు. అయితే ఆ మొదటి బారీలో పిలవవలసింది నా మనవరాలిని.

ఆమె గోల్‌కీపర్. ఇంటర్ చదువుతోంది. మిగతా పిల్లలు ఉరుకుతూ ఉంటే ఈమె ఒకేచోట నిలబడి వచ్చిన బంతిని ఆపుతుంది. బూట్లు తక్కువ అరుగుతాయి. మొదట్లో నేను ఒప్పుకున్నది ఆ కారణంతోనే. తర్వాత చూస్తే చేతి గ్లౌజులు అరుగుతున్నాయి.

"మరి అమ్మ మనవరాలు?" అని ఎవరో అడిగారు.

"ఆమె ఏడికి పోతది?" అన్నాడు కండక్టర్. "గోల్‌కీపర్ మీద ముంగటి బారీ ఎవడన్న ఖరాబ్ చేస్కుంటడా? మూడో దాంట్ల గూడ ఉంటది. ఆఖరుకైనా ఉంటది."

నేను అక్కడే చేటలో బియ్యం చెరుగుతున్నాను.

"ఆఖరుకు మిగుల్తదా? అది నీ బస్సుల ఎనక సీటా?" అన్నాను.

"అట్ల గాదమ్మా, లెక్క చెప్తున్న."

"లెక్క నేను గూడ చెప్త, విను. దాని నాయన ఏమన్నడో తెల్సా? మన గల్లీ జట్టయితే ఆడనీ, వేరే చోటయితే బంద్ అన్నడు. ఆయనకు కరెంటాఫీసుల డ్యూటీ, కోడలు కుట్టుపని కాడికెళ్ళి వచ్చేసరికి చీకటి పడ్తది. జహనుమాకు పిల్లను ఎవరు తీస్కపోవాలె, ఎవరు తేవాలె? మీరు బారీ అమ్ముకుంటె దాని ఆట ఒడిసినట్టే."

లోపల మనవరాలు గ్లౌజులు ఉతుకుతున్న నీళ్ళ చప్పుడు ఆగింది.

భాయ్‌సాబ్ లేచి నిలబడ్డాడు. "బహెన్, ఫికర్ చెయ్యకుండ్రి. మొదటి బారీ ఎవరికీ ఇయ్య. రెండు కాదు, పది ఇస్తమన్నా ఇయ్య. ముందు మన పిల్లనే పిలుస్త. నా జబాన్" అని మాట ఇచ్చాడు.

కండక్టర్ తల పట్టుకున్నాడు. ఆ మాట మీద అందరూ ఇళ్ళకు పోయారు. నా అరుగు ఖాళీ అయింది.

పిల్లల్ని పిలుచుకునే రోజున ఒక బడి వరండాలో బల్ల వేశారు. జట్ల పెద్దలు కూర్చున్నారు, వెనక పిల్లలు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు నిలబడ్డారు. నేనూ పోయాను. మనవరాలు నా పక్కన నిలబడి ఉతికిన గ్లౌజులు తొడుక్కుంది. ఆ రోజు బంతి లేదు, మైదానం లేదు.

మొదటి బారీ అని పిలిచారు. భాయ్‌సాబ్ లేచి బల్ల వైపు నడిచాడు. సరిగ్గా అప్పుడే జహనుమా జట్టు పెద్ద వచ్చింది. బడిలో ఆటల టీచర్‌గా చేసి రిటైరైన మనిషి. ఆటో దొరక్క ఆలస్యమైందని చెప్తూ, రొప్పుతూ ఆమె కూడా బల్ల దగ్గరికే వచ్చింది. ఇద్దరూ ఎదురుపడ్డారు. దారి ఇరుకు.

భాయ్‌సాబ్ పక్కకు తప్పుకుని, చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, కొంచెం వంగి, "పహలే ఆప్" అన్నాడు.

ముందు మీరు అని. ఆయన ఈ మాట దుకాణం మెట్ల మీద అంటాడు, నీళ్ళ నల్లా దగ్గర అంటాడు, దావత్‌లో తిండికి పరిచిన దస్తర్‌ఖాన్ ముందు అంటాడు. ఒకసారి మా మేకను చూసి కూడా అన్నాడు. ఆయన అన్నది దారి గురించి. ఆమె విన్నది బారీ గురించి.

"శుక్రియా భాయ్‌సాబ్. మీ మెహర్బానీ" అని ఆమె బల్ల దగ్గరికి పోయి, నా మనవరాలి పేరు పిలిచింది. రాసేవాళ్ళు రాసుకున్నారు.

భాయ్‌సాబ్ చెయ్యి ఇంకా ఛాతీ మీదే ఉంది.

"ఏంది భాయ్‌సాబ్ ఇది!" అని కండక్టర్ వెనక నుంచి అరిచాడు. "వారం సంది వద్దు వద్దంటిరి! గలతీ అయిందని చెప్పుండ్రి!"

"ముందు మీరు అన్నంక, మళ్ళ నేనే ముందు అని ఎట్ల అంట?"

"పోనీ ఇచ్చినందుకు రెండు బారీలన్న అడుగుండ్రి!"

"తమీజ్‌తోని, మర్యాదకు ఇచ్చిన దానికి బదులు ఎట్ల అడుగుత?" అని ఆయన వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. ముఖం సున్నం కొట్టినట్టుంది. వాళ్ళ మూడో బారీ మాకు వచ్చింది. అది వచ్చేసరికి కండక్టర్ కోరిన పిల్లను రెండో బారీ వాళ్ళు తీసుకుపోయారు.

మనవరాలు ఏడవలేదు. గ్లౌజులు విప్పి, ఒకదానిలో ఒకటి దూర్చి, సంచిలో పెట్టుకుంది. "నానమ్మా, పోదాం పా" అంది.

నేను పోలేదు. భాయ్‌సాబ్ అడగలేకపోయాడు. అది ఆయన పెంపకం. ఒకటిచ్చి ఏమీ తెచ్చుకోకుండా ఇంటికి రావడం నాకు అలవాటు లేదు. బల్ల చుట్టూ తిరిగి జహనుమా టీచర్ దగ్గరికి పోయాను.

"మేడమ్, జర ఆగుండ్రి. మా పిల్లను పిలిచిండ్రు. మంచిదే. మా భాయ్‌సాబ్ వట్టిగనే ఇచ్చిండు. నేను వట్టిగ ఇయ్య."

"గిట్ల రూల్‌లో ఏం లేదమ్మా. బారీ ఆయనది."

"బారీ ఆయనది. పిల్ల నాది."

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "ఏం కావాలె?" అంది.

"పొద్దుగూకక ముందు ఆట ఒడవాలె. మీ పిల్లలను తెచ్చే ఆటో మా గల్లీ మీదికెళ్ళి రావాలె. దాంట్ల మా ఇద్దరికి జాగ ఉండాలె."

"ఇద్దరికా? మీరెందుకమ్మా?"

"నేను ఎంబడి లేకుంటె దీని నాయన పంపడు."

"ఆటోల జాగేది? పిల్లలే ఒకరి ఒళ్ళో ఒకరు కూసుంటరు."

"నేను సన్నగనే ఉన్న."

"పోయేటప్పుడు మీరు బస్సుల రాండ్రి. వచ్చేటప్పుడు మేం దింపుతం."

"గట్లయితే మీరు ఇంకో గోల్‌కీపర్‌ను చూస్కోండ్రి. సంచి తీయవే, పోదాం" అని నేను వెనక్కి తిరిగాను. మార్కెట్‌లో ఎక్కడ వెనక్కి తిరగాలో తెలిసినవాళ్ళకు ఇదేం పెద్ద విద్య కాదు. మెట్టు దిగకముందే పిలిచింది.

"అమ్మా! పోయేటప్పుడు, వచ్చేటప్పుడు, రెండు సార్లూ. సరేనా? తోవల మాత్రం పిల్లలను మందలియ్యొద్దు."

ఆ చివరి మాటకు నేను ఒప్పుకోలేదు. అయినా బేరం కుదిరింది.

కండక్టర్ ఇదంతా చూసి, "భాయ్‌సాబ్, వచ్చే యేడు బల్ల కాడికి అమ్మను పంపుదాం. మీరు తలుపు కాడ నిలబడి అందరినీ లోపటికి పంపుండ్రి" అన్నాడు. భాయ్‌సాబ్ ఆ మాటకు నవ్వాడు. అంత వరకు ఊపిరి బిగబట్టి ఉన్నాడనుకుంటాను.

ఇంట్లో కొడుకు, "జహనుమానా? బంద్ అన్న గదా" అన్నాడు.

"నేను పోతున్న ఎంబడి."

"నీ మోకాళ్ళు?"

"ఇంట్ల కూసున్నా నొస్తయి."

అతను ఇంకో కారణం వెతికాడు. నేను అన్నం వడ్డించాను. తినడం అయ్యేలోగా దొరకలేదు.

ఆ తర్వాత రోజూ జహనుమా మైదానం గోడ పక్కన కూర్చున్నాను. అక్కడి పిల్లలకు నీళ్ళ సీసాలు తెరిచి సగం తాగి పారేసే అలవాటు ఉండేది. మాన్పించాను. టీచర్ మందలింపుల గురించి మళ్ళీ మాట్లాడలేదు.

చివరికి జహనుమాకూ మా గల్లీకీ ఆట పడింది. మా వాళ్ళంతా వచ్చారు. నేను ఎటువైపు కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు. మనవరాలి గోల్ వెనక కూర్చున్నాను. మా గల్లీ పిల్ల ఒకతి అందరినీ దాటుకుని ఒంటరిగా ఉరికి వచ్చింది. గట్టిగా తన్నింది. మనవరాలు పక్కకు పడి, బంతిని కడుపుకు హత్తుకుంది. లేచి, మోచేతి మట్టి దులుపుకుని, నేను చూశానా లేదా అని వెనక్కి చూసింది.

అవతలి వైపు నుంచి భాయ్‌సాబ్ ఒక్కడే లేచి చప్పట్లు కొట్టాడు. "ఎవరి దిక్కు భాయ్‌సాబ్ మీరు?" అని కండక్టర్ ఆయన కుర్తా పట్టుకుని కూర్చోబెట్టాడు.

నేను చప్పట్లు కొట్టలేదు. రెండు చేతుల్లో మనవరాలు విడిచిన చెప్పులున్నాయి. కింద పెడితే ఎవరన్నా ఎత్తుకుపోతారు.