వ్యాను కప్పు గుడ్డకు వానకోటు: హిమాయత్ సాగర్ దగ్గర ఒక పగలు, ఒక వాన

మా అత్తమ్మ రూతమ్మ ప్రభుత్వ దవాఖానలో చాలా ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసింది. రిటైరయ్యాక ఏం కావాలని అడిగితే నగలు అడగలేదు, చీరలు అడగలేదు, ఊర్లు తిరగాలంది. అందుకే నిరుడు నేను, మా ఆయన ప్రవీణ్ కలిసి ఒక పాత క్యాంపర్ వ్యాను కొన్నాం. దాని కప్పు గొళ్లెం తీసి నెడితే పైకి లేస్తుంది. కప్పుకు, బండికి మధ్య చుట్టూ గుడ్డ గోడలు, వాటికి జిప్పులున్న కిటికీలు, లోపల ఇద్దరు పడుకునేంత పరుపు. చూసిన రోజే అత్తమ్మ నిచ్చెన ఎక్కి, ఆ పై అంతస్తు తనదని ప్రకటించింది. కానీ మొదటి ప్రయాణంలోనే, మా ఇంటికి దగ్గర్లోని అనంతగిరి కొండల్లో పడిన వానకు గుడ్డ మూలనుంచి నీళ్లు కారి ఆమె దుప్పటి, దిండు నానిపోయాయి. రెండు రోజులు జలుబు. దాంతో ప్రవీణ్ పట్టుబట్టాడు. వచ్చే వారం అరకు వెళ్తే అమ్మ లాడ్జిలోనే పడుకోవాలి, లేదంటే ప్రయాణమే వద్దు అన్నాడు.

“నేనేమన్న చక్కెర బొమ్మనారా, తడిస్తె కరగనీకి?” అంది అత్తమ్మ. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. గుడ్డను బాగుచేసి, ఇంటికి దగ్గర్లోనే ఒక వాన రాత్రి పడుకుని చూడాలి. చుక్క కారకపోతే అరకులోనూ పైనే. కారితే లాడ్జి. ప్రవీణ్‌కు ఎయిర్‌పోర్టు కార్గోలో రాత్రి షిఫ్టు, కాబట్టి ఈ పని నాకు, అత్తమ్మకు పడింది. నేను బడిలో సైన్సు టీచర్ని. వానాకాలం మధ్యలో రెండు రోజులు సెలవు దొరికింది. క్యాంపర్ వ్యాను ఉన్నవాళ్లు, కొనాలనుకునేవాళ్లు ఇదే పని చేయాల్సి వస్తుంది కనుక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

శంషాబాద్‌లోని మా ఇంటినుంచి పొద్దున ఏడు కాకముందే బయల్దేరాం. బెంగళూరు హైవే మీద ఆరాంఘర్ చౌరస్తా దాకా ఆ వేళలో అరగంట చాలు. ఆఫీసుల వేళ దాకా ఆలస్యం చేశారో, ఎయిర్‌పోర్టు క్యాబుల మధ్య ఇరుక్కుని గంటకు పైనే పడుతుంది. ఆరాంఘర్ దగ్గర లారీల మీద కప్పే తాటిపత్రులు, ఆటో సీట్ల కవర్లు కుట్టే ఖలీల్ భాయ్ దుకాణం ఉంది. ఆయనకు యాభై దాటి ఉంటాయి. అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు. వ్యాను కప్పు పైకి లేపి చూపించగానే చేతిలోని తాళం జేబులో వేసుకోవడం కూడా మరిచి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. లారీలకు, ఆటోలకు, పెళ్లి పందిళ్లకు కుట్టాను గానీ మిద్దె ఉన్న బండిని ఎప్పుడూ చూడలేదన్నాడు. ఒక్కసారి పైకెక్కి కూర్చోవచ్చా అని అడిగి, కూర్చుని, కిటికీ జిప్పు తీసి కిందున్న మాకు సలాం చేశాడు.

తర్వాత గుడ్డంతా తడిమి చూసి లోపం చెప్పాడు. కప్పు మూసిన ప్రతిసారీ వెనక మూల గుడ్డ మడతపడి నలుగుతోంది. అక్కడ జానెడు పొడవున దారం పుచ్చిపోయింది. గుడ్డ మాత్రం గట్టిగానే ఉంది. “అమ్మా, నేనైతే పూరా విప్పి మిషన్ మీద ఏస్త. పక్కాగ వస్తది,” అన్నాడు. అత్తమ్మ ఒప్పుకోలేదు. గుడ్డంతా విప్పితే మళ్లీ సరిగ్గా బిగించడానికి వారం పడుతుందని, ఉన్నచోటే చేత్తో కుట్టవచ్చని వాదించింది. మూలలో సూది తిరగదని ఆయన, వంకర సూది అయితే తిరుగుతుందని ఈమె. దుకాణంలో సోఫాలకు వాడే వంకర సూది ఒకటి దొరికింది. అది చూసి అత్తమ్మ మొహం వెలిగిపోయింది. ఆపరేషన్ థియేటర్లో డాక్టర్లకు ఇలాంటివే అందించేదట.

“గన్నేండ్లు సూది అందిచ్చుడే అయింది. ఇయ్యాల కుట్టుడు నా వంతు,” అంటూ చేతులు కడుక్కుని పైకెక్కింది. బయటినుంచి ఖలీల్ భాయ్ సూది గుచ్చడం, లోపలినుంచి అత్తమ్మ దాన్ని అందుకుని తిప్పి బయటికి పంపడం. మధ్యలో ఆమె “బీపీ ఎంతుంది?” అని అడిగితే ఆయన ఏమాత్రం నవ్వకుండా గుడ్డ మీద చెయ్యిపెట్టి, పేషెంటు కులాసా అన్నాడు. ఆ జానెడు చీలిక కుట్టడానికి గంట పట్టింది, నవ్వు ఆపుకోవడానికి నాకు అంతకన్నా ఎక్కువ పట్టింది. కుట్టుకు, మైనం పూసిన దారానికి కలిపి ఐదు వందలు తీసుకున్నాడు.

గుడ్డలోకి నీళ్లు ఇంకకుండా ఆపే మందు పూయడానికి నీళ్లు, ఎండ, ఖాళీ జాగా కావాలి. మా అపార్టుమెంటులో అవేవీ లేవు. ఆ మాట విని ఖలీల్ భాయ్, హిమాయత్ సాగర్ ఊరి దగ్గర తన బామ్మర్ది జామతోట ఉందని, బోరు కూడా ఉందని, రాత్రి అక్కడే ఉండవచ్చని చెప్పాడు. బామ్మర్దికి ఫోన్ చేసి చెప్పి, సాయంత్రం తన భార్యతో వచ్చి చూస్తానన్నాడు. ఎందుకైనా మంచిదని ఒక పెద్ద తాటిపత్రి కూడా మా బండిలో పడేశాడు. రాజేంద్రనగర్ మీదుగా వెళ్తే అక్కడినుంచి తోట దూరమేమీ కాదు. దారిలో టిఫిన్ బండి దగ్గర వేడివేడి వడలు తిని, పది గంటలకల్లా చేరాం.

ముందుగా గుడ్డను ఉత్త నీళ్లతో, మెత్తటి బ్రష్షుతో కడిగాం. సబ్బుపొడి వేయకూడదు, అది గుడ్డకున్న నీటిని ఆపే గుణాన్ని పోగొడుతుంది. మూలల్లో పట్టిన బూజును మెల్లగా దులిపాం. పూర్తిగా ఆరాక కుట్ల వెంట బయటివైపు, సూది రంధ్రాలను మూసే సీలర్‌ను ట్యూబుతో గీతలాగా పూశాం. బండి రంగు మీద, ప్లాస్టిక్ కిటికీల మీద మందు పడకుండా పాత షవర్ కర్టెన్ కప్పి టేపు అంటించాం. ఆ తర్వాత టెంట్లకు వాడే వాటర్‌ప్రూఫ్ మందును వెడల్పాటి బ్రష్షుతో పైనుంచి కిందికి పల్చగా పూశాం. లీటరు డబ్బా రెండు వేలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, మా బండికి ఒకటి సరిపోయింది. మొదటి పూత ఆరేలోపు అత్తమ్మ జామచెట్టు కింద చాప పరిచి పెరుగన్నం కలిపింది. విమానాలు దిగుతుంటే ఏ దేశంనుంచి వచ్చిందో ఊహించడం మా ఆట. ఆమె లెక్కలో అన్నీ దుబాయివే.

రెండో పూత ముగిసి బ్రష్షు కడుగుతుండగా హిమాయత్ సాగర్ చెరువు వైపునుంచి నల్లమబ్బు లేచింది. మందు పచ్చిగా ఉండగా వాన పడితే పొద్దుటినుంచి పడ్డ కష్టమంతా కొట్టుకుపోతుంది. ఖలీల్ భాయ్ ఇచ్చిన తాటిపత్రిని ఇద్దరం లాక్కొచ్చి, జామచెట్ల మధ్య తాళ్లు కట్టి బండికి అడుగు పైన పందిరిలా లాగాం. గాలికి ఒక కొస ఊడిపోయింది. అత్తమ్మ ఆ కొసను రెండు చేతులా పట్టుకుని, నర్సు టోపీ లేదు గానీ అంతే దర్జాగా, జల్లు వెలిసేదాకా అలాగే నిలబడింది. ఆమె తడిసింది, గుడ్డ తడవలేదు. తర్వాత మళ్లీ ఎండ కాసింది. సాయంత్రానికి గుడ్డ మీద వేలు పెట్టి చూస్తే ఎక్కడా జిగురు లేదు.

పొద్దు గూకేవేళకు ఖలీల్ భాయ్, ఆయన భార్య షమీమ్ స్కూటరు మీద వచ్చారు. షమీమ్ అక్క గిన్నెలో పప్పు, సొరకాయ వేసి వండిన దాల్చా, అన్నం తెచ్చింది. నిచ్చెన ఎక్కాలంటే ముందు భయపడింది గానీ, అత్తమ్మ చెయ్యి అందించగానే ఎక్కి పరుపు మీద చతికిలబడింది. అప్పుడే అసలు వాన మొదలైంది. నలుగురం పైన ఇరుక్కుని కూర్చుని, కిటికీలన్నీ గట్టిగా మూసి, ఫ్లాస్కులో టీ పంచుకుంటూ గుడ్డనే చూస్తూ ఉండిపోయాం. బయట చినుకులు ముత్యాల్లా జారిపోతున్న చప్పుడు. ఖలీల్ భాయ్ తన కుట్టు మీద చేయి పెట్టి చూశాడు, పొడిగానే ఉంది. “చూసిన్రా, మన ఆపరేషన్ సక్సెస్,” అన్నాడు. వాన తగ్గగానే వాళ్లు ఇంటికి బయల్దేరారు. మేం పడుకున్నాం, అత్తమ్మ పైన, నేను కింద సీటు మీద.

తెల్లవారుతుండగా పైనుంచి పిలుపు వినిపించింది. “బిడ్డా, జర పైకి రా.” ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు, అంత చిన్నగా ఉంది. ఎక్కి చూస్తే గుడ్డ లోపలివైపంతా చెమ్మ. దుప్పటి అంచు తడిగా ఉంది. అత్తమ్మ దిండు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. “ప్రవీణ్‌కు చెప్పెయ్యి. ఇగ లాడ్జే,” అంది. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. ఓదార్చడానికి పక్కన కూర్చోబోతే పైనున్న లోహపు కప్పు తలకు తగిలి, మెడ మీద ఒక చల్లటి చుక్క పడింది. తల ఎత్తి చూశాను. కప్పు లోపలివైపంతా సన్నటి నీటి బొట్లు. లోహంలోంచి వాన కారదు కదా! కుట్టు మూలను తడిమితే మిగతా గుడ్డకన్నా ఎక్కువ తడి ఏమీ లేదు. ఇది వాన నీళ్లు కావు. నలుగురి ఊపిరి, టీ ఆవిరి, మూసిన కిటికీలు. చల్లటి గ్లాసుకు చెమట ఎందుకు పడుతుందో ఏటేటా పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేదాన్ని నేనే.

విషయం అత్తమ్మకు చెప్పాను. “అంటె కారలేదు. నేనే కార్చిన,” అంది, పకపకా నవ్వింది. లోపలంతా పొడిబట్టతో తుడిచి, ఎదురెదురు కిటికీలు కొంచెం తెరిచాం. నిజమో కాదో తేలాలంటే ఇంకో వాన కావాలి. దేవుడు దయతలచి ఏడు గంటలకే పంపాడు. ప్రవీణ్ షిఫ్టు దిగి ఇడ్లీ పొట్లాలతో వచ్చేసరికి జోరుగా కురుస్తోంది. అతను నిచ్చెన ఎక్కి, మూల మూలా, కుట్టు కుట్టూ అరచేత్తో నిమిరాడు. పరుపు ఎత్తి కింద కూడా చూశాడు. ఆ తర్వాత దిండు సరిచేసి వాళ్లమ్మ పక్కనే పడుకుని, ఐదు నిమిషాల్లో గురక పెట్టాడు. అదే తీర్పు అని మాకు అర్థమైంది. ఇడ్లీలు మేమిద్దరమే తినేశాం.

ఇప్పుడు ఇది అరకులో, బండి మెట్టు మీద కూర్చుని రాస్తున్నాను. మూడు రోజులుగా ముసురు. పై అంతస్తులో అత్తమ్మ, ఆమె పక్కన నిన్న పరిచయమైన పక్క టెంటు విశాఖ ఆవిడ, ఏవో దవాఖాన కబుర్లు చెప్పుకుంటున్నారు. బండి కొన్నప్పుడు ఊర్లు చూడటమే ప్రయాణం అనుకున్నాను. జానెడు కుట్టు కోసం తిరిగిన ఆ ఒక్క రోజులో ఆరాంఘర్‌లో ఒక కుటుంబం మాకు చుట్టమైంది. అత్తమ్మతో కలిసి ఒక తాటిపత్రిని లాగి కట్టడం ఎలాగో తెలిసింది. అదంతా మా ఇంటినుంచి పట్టుమని గంట దూరం కూడా వెళ్లకుండానే.

మీకు ఒక్క మాట. పొద్దున లేచేసరికి గుడ్డ లోపల తడి కనిపిస్తే కంగారుపడి మళ్లీ మందు కొనకండి. ముందు లోహపు కప్పును తడిమి చూడండి. అక్కడా తడి ఉంటే అది మీ ఊపిరే. ఎంత వాన పడుతున్నా, గాలి తగలని వైపు కిటికీ జిప్పును రెండు వేళ్ల మేర తెరిచి పడుకోండి.