పావంగుళం అక్క ఎక్కిన కొండ

మా వీధిలో ఆమెను అందరూ పావంగుళం అక్క అంటారు. కోటు భుజం దగ్గర పావంగుళం తేడా వచ్చినా, తీసుకెళ్లడానికి వచ్చిన మనిషిని నిలబెట్టి మరీ కుట్లు విప్పేస్తుంది. "బాగానే ఉంది కదండీ" అని వాళ్లు బతిమాలినా వినదు. నాది పక్క కొట్టే, కళ్లజోళ్లు అమ్ముతాను. ముప్పై ఏళ్లుగా ఆమె మిషను చప్పుడు వింటూ అద్దాలు తుడుస్తున్నాను. చుట్టుపక్కల దర్జీలందరూ మిషన్లకు మోటార్లు పెట్టించుకున్నా, ఆమె మాత్రం ఇంకా కాలితోనే తొక్కుతుంది. "కుట్టు ఎక్కడ ఆగాలో నా కాలికి తెలుసు, మోటారుకేం తెలుసు" అంటుంది.

యాభై రెండో ఏట ఆమెకు కొండల మీద సైకిల్ తొక్కాలన్న పిచ్చి పట్టింది. ఊరుకుందా, నాకూ అంటించింది. సాయంత్రం ఐదున్నరకు షట్టర్లు దించి, లావు టైర్ల సైకిళ్లు బయటికి తీస్తాం. ఊరు దాటితే బోడి కొండలు, ఎప్పుడూ హోరుగాలి. కిందటేడు అక్కడే పడి ఆమె కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు చేతికి కట్టు, కొట్టుకు తాళం. ఆ ఆరు వారాలూ వాళ్లాయనే ఆమెకు తల దువ్వారు, చెప్పుల బెల్టులు పెట్టారు. బావగారు బస్సు డ్రైవరు, ఎంత రద్దీలోనైనా చెయ్యి వణకని మనిషి. ఆమె పడిన దగ్గర్నుంచి భయం ఆయనకు పట్టుకుంది, ఆమెకు పట్టుకోలేదు.

అందుకే ఆయన ఒక షరతు పెట్టారు.

"కొండదారి చివరి మలుపు నుంచి కొస దాకా కాలు కింద పెట్టకుండా ఎక్కు. నాలుగుసార్లు ప్రయత్నించు. ఒక్కసారి ఎక్కినా నీకు అదుపు ఉన్నట్టే, ఇంక నేను నోరెత్తను. లేకపోతే సైకిల్ అల్లుడిది."

అల్లుడు మర్నాడే వచ్చి, సీటు తన ఎత్తుకు సరిపోతుందో లేదో చూసుకుని వెళ్లాడు. నాకు ఒళ్లు మండింది. అక్క మాత్రం నవ్వింది.

"పెళ్లప్పుడు ఏమన్నారో గుర్తుందా? నన్ను కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకుంటానన్నారు."

"ఇప్పుడు చేస్తున్నది అదేగా," అన్నారు బావగారు. సాక్షిగా నన్ను నియమించారు.

మూడుసార్లు ఓడిపోయింది. మూడుసార్లూ నేను నోరు విప్పకముందే, గుమ్మంలోనే "పెట్టానండీ" అని చెప్పేసింది. రెండోసారైతే చెప్పు కొస నేలకు తగిలిందంతే, నేను చూడనే లేదు. చెప్పకపోతే ఏం పోయేదని తిట్టాను. "తేడా తేడానే" అంది.

నాలుగో సాయంత్రం గాలి మా మీద పగబట్టినట్టు ఉంది.

"రేపు వద్దాం అక్కా," అన్నాను.

"రేపు మాత్రం గాలి సెలవు పెడుతుందా? పద."

చివరి మలుపు దగ్గర అడ్డగాలి ఒక్క తోపు తోసింది. నేను సైకిల్‌తో సహా వెళ్లి ముళ్లపొదలో పడ్డాను. కళ్లజోడు ఎగిరిపోయింది, కళ్ల నిండా దుమ్ము. ఊరందరి చూపూ సరిచేసే దాన్ని, నా చెయ్యి నాకే కనిపించలేదు. "ఆగకు అక్కా, ఎక్కు" అని మాత్రం అరిచాను.

కళ్లజోడు వెతుక్కుని, సైకిల్ నడిపించుకుంటూ మలుపు తిరిగేసరికి ఆమె కొండ కొసన ఉంది. జుట్టంతా రేగిపోయింది, ముఖం కందిపోయింది.

"పెట్టలేదే," అంది. ఊపిరి తీసుకోవడానికి కాసేపు ఆగింది. "గాలి కొట్టినప్పుడల్లా సైకిల్ ఆగిపోబోయింది. కాలరు మూల తిప్పేటప్పుడు మిషన్ని ఎలా తొక్కుతాను? ఒక్కో కుట్టే కదా. అర తొక్కు, ఆపు, మళ్లీ అర తొక్కు. అలాగే వచ్చాను."

నా గుండె ఉప్పొంగింది, అంతలోనే గుర్తొచ్చింది. సాక్షిని నేను. ఆ చివరి ముక్క నేను చూడలేదు. చూశానని అబద్ధం చెప్పడానికి అప్పటికే సిద్ధమైపోయాను, దాచడం ఎందుకు. ఈలోగా ఆమె ఫోన్ తీసి, బావగారికి కలిపి, స్పీకర్ పెట్టింది.

"పైనున్నానండీ. కాలు పెట్టలేదు. కానీ చెల్లి పొదలో పడింది, తను చూడలేదు."

ఆమె నోరు మూసేయాలనిపించింది నాకు.

"తనకి దెబ్బలేమైనా తగిలాయా?" అన్నారు బావగారు.

"లేదు బావగారూ. కానీ నేను నిజంగానే చూడలే..."

"నువ్వు చూడటమెందుకమ్మా. కాలు పెట్టుంటే మీ అక్క ముందు ఆ మాటే చెప్పేది." "అల్లుడికి నేను చెప్తాలే, వేరేది చూసుకోమని."

అక్క గాలికి ఎదురు తిరిగి పగలబడి నవ్వింది. గెలిచింది మా అక్కే అని నేను గొంతు చించుకుని అరిచాను, కిందున్న ఊరందరికీ వినిపించాలని.