మామయ్య కారుకు లారీ లైట్లు

క్రిస్మస్‌కు మూడు వారాల ముందు, మంగళవారం, సాయంత్రం ఏడు కావడానికి పది నిమిషాలు తక్కువ. డెబ్బైల నాటి సంగతి. ఏ సంవత్సరమో అక్కనడిగితే చెబుతుంది, నేను అడగను. వేళ మాత్రం నాకు ఖాయంగా తెలుసు, ఎందుకంటే కాలవ తలుపులుండే లాకుల దగ్గర పంచాయతీ రేడియోలో అప్పుడింకా ధరవరలు చదువుతున్నారు, ఏడింటి వార్తలు మొదలు కాలేదు, ఆ గొంతు కాలవ నీళ్ళ మీదుగా మా ఎడ్లబండి దాకా వినిపిస్తూనే ఉంది.

ఇన్నేళ్ళకు ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, పోయిన నెలలో అక్క మనవడు తన పాత కారుకు కొత్త లైట్లు వేయించుకొచ్చాడు. విజయవాడలో ఎవరో తక్కువలో బిగించి ఇచ్చారట. చీకటి పడగానే నన్ను వాకిట్లోకి పిలిచి, స్విచ్చి నొక్కి, ఎదురింటి గోడ మీద పడ్డ తెల్లటి వెలుగును చూపించి, "చూశావా చిన్నమ్మమ్మా, ఇక రాత్రి కూడా పగలే" అన్నాడు. నేను లోపలికొచ్చి తలుపు వేసుకున్నాను. పిల్లవాడు నొచ్చుకున్నాడని తెలుసు. ఏం చెయ్యను, అదే మాట ఒకప్పుడు మా మామయ్య నోట విన్నాను.

ముందే చెబుతున్నాను, నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. పిల్లలంతా నవ్వుతుంటే రాత్రి బడిలో పలక పట్టి దిద్దుకున్నవి. అందుకని తిప్పి తిప్పి రాయడం నాకు చేతకాదు, జరిగింది జరిగినట్టే రాస్తాను. నా ఈడు వాళ్ళకు కాలవ గట్టు రోడ్డంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. తెలియని వాళ్ళ కోసం చెబుతాను. పామర్రుకు ఇవతల మా ఊరికి వచ్చే దారి అదొక్కటే. ఒక పక్క నిండుగా కాలవ, ఒక పక్క కిందికి దిగితే వరిచేలు, నడుమ ఒక్క బండి పట్టేంత తారు. తారుకు రెండు వైపులా మట్టి అంచు, వాన పడితే ఆ మట్టిని నమ్మడానికి లేదు. ఎదురుగా ఏదైనా వస్తే ఇద్దరిలో ఒకరు మట్టిలోకి దిగాల్సిందే.

ఎవరు దిగాలో, ఎంత దిగాలో, చీకటి పడ్డాక లైట్లు చూసి తేల్చుకునేవాళ్ళు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పింది కాదు, బండి తోలేవాడికి పుట్టుకతో వచ్చినట్టు వచ్చేది. మసగ్గా, కిందుగా, దగ్గర దగ్గరగా రెండు లైట్లు కనిపిస్తే కారు. కారువాడు తానూ కాస్త తప్పుకుంటాడు కాబట్టి బండివాడు ఒక చక్రం దించితే చాలు. పైన వరసగా చిన్న దీపాలుంటే బస్సు. ఎత్తుగా, ఎడంగా, కళ్ళలో పొడిచేట్టు రెండు తెల్లటి లైట్లుంటే మాత్రం లారీ. ఇసక లారీవాడో, ధాన్యం లారీవాడో, వాడు తారు వదలడు. లారీ అనుకుంటే రెండు చక్రాలూ దించి, ఎడ్లను ఆపి, అది పోయేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉండాలి. మా నాన్నకు ఈ విద్యలో ఊరంతటా పేరు. మైలు దూరాన మినుకుమన్నదేమిటో చెప్పేవాడు, ఒక్కసారి కూడా తప్పు చెప్పగా నేను వినలేదు.

మామయ్య అంటే అమ్మకు సొంత తమ్ముడు. విజయవాడలో పాత అంబాసిడర్ ఒకటి కొనుక్కుని బాడుగకు తిప్పేవాడు. దాని లైట్లు మా ఇంట్లో పెద్ద వేళాకోళం. లోపలి అద్దాలు ఇత్తడి చెంబు అడుగులాగా పసుపెక్కి, కారు నెమ్మదిగా పోతే ఆ ఉన్న వెలుగు కూడా సన్నగిల్లిపోయేది. నాన్న వాటిని నిద్రమొహం లైట్లనేవాడు. మామయ్య వస్తున్నాడని గట్టు మీద ఆ రెండు నిద్రమొహాలూ కనిపించగానే చెప్పేసి, అమ్మను అన్నం వార్చమనేవాడు.

అక్కకు తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఊళ్ళోనే పురుడు పోసుకుంది, రెండు రోజులు పడిన కష్టం నేను చూశాను, ఇక్కడ రాయను. మలిసారి నీళ్ళోసుకున్నప్పుడు విజయవాడ మిషన్ ఆసుపత్రిలో డాక్టరమ్మ కచ్చితంగా చెప్పింది, నొప్పులు మొదలవగానే తీసుకురావాలని, ఆలస్యమైతే ఈసారి తల్లి కూడా దక్కదని. బావ ఇబ్రహీంపట్నంలో కరెంటు స్టేషను కట్టే చోట పనిలో ఉన్నాడు, వారానికోసారి వచ్చేవాడు. కనుక భారమంతా మామయ్య మీద పడింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి, అరుగు మీద కూర్చుని, చెప్పకూడని మాటొకటి చెప్పాడు. అంతకు ముందు సాయంత్రం దీపం లేని గడ్డిబండి ఒకటి తన లైట్లకు ఆనలేదట, చక్రానికి చక్రం తగలబోతోందనగా బ్రేకు పడిందట. అక్క మొహం చూసి వెంటనే నవ్వేసి, "నువ్వు బెంగపెట్టుకోకు. లైట్లు మార్పించేస్తాను. కబురు పెట్టు చాలు, నాకు రాత్రి కూడా పగలే" అన్నాడు.

మార్పించాడు. ఎలా మార్పించాడో మాకు తర్వాత తెలిసింది. కొత్తవి కొనే తాహతు లేక ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రీని అడిగితే, అతను పాత ఇనుము గుట్టలోంచి రెండు పెద్ద లైట్లు తీసి ఇచ్చాడు. ఏదో లారీవి. ఆ లారీ ఆ గుట్టలోకి ఎలా వచ్చిందో మామయ్య అడగలేదు, మేస్త్రీ చెప్పలేదు. అందులో పీడ ఉందని నేననను, గాజు గాజే, రేకు రేకే. కారు బ్యాటరీకి పట్టే బల్బుల్లో అన్నిటికంటే పెద్దవి వేసి, ముందు మడ్‌గార్డుల మీద అటొకటి ఇటొకటి ఇనప పట్టీలతో ఎత్తుగా బిగించి, లావుపాటి వైరు లాగి, స్టీరింగు కింద వేరే స్విచ్చి పెట్టాడట. ఆ రాత్రే గన్నవరం నుంచి బాడుగ తోలుకొస్తుంటే ఎదురొచ్చిన ఎడ్లబళ్ళన్నీ అల్లంత దూరాన్నే తారు దిగి ఆగిపోయాయట. తనకు దారి ఇంత సుళువుగా ఎన్నడూ దొరకలేదని మురిసిపోయాడట. ఎందుకు దిగుతున్నాయో ఆలోచించలేదు.

మాకు మాత్రం ఆ సంగతి ఒక్కరికీ తెలియదు. మేం చూసింది నిద్రమొహాలనే.

ఆ మంగళవారం మధ్యాహ్నం నుంచి అక్కకు నొప్పులు. మూడు రోజులుగా ముసురు. నాన్న రైస్ మిల్లుకు పరుగెత్తి ఫోను చేయిస్తే, టాక్సీ స్టాండు పక్క కొట్టులో ఎవరో ఎత్తి, చెబుతామన్నారట. చెప్పారో లేదో తెలియదు. సాయంత్రం దాకా వాకిట్లో నిలబడ్డాం. అక్క పెదవి కొరుక్కోవడం చూసి ఇక ఆగలేక నాన్న బండి కట్టాడు. బండిలో గడ్డి పరిచి, గొంగడి వేసి, అక్కను పడుకోబెట్టి, తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. బండి కింద లాంతరు కట్టాం. అమ్మమ్మ గడపలో నిలబడి, వాడు ఇటొస్తే ఎలాగని అడిగింది. ఉన్నది ఒక్కటే దారి, మాకు ఎదురుపడకుండా ఎక్కడికి పోతాడని నాన్న జవాబిచ్చాడు. సరైన మాటే. ఆ మాటలో ఏ తప్పూ ఇప్పటికీ నాకు కనపడదు.

గట్టెక్కేసరికి చీకటి. వాన వెలిసింది కానీ గాలి లేదు, కప్పలు కూడా అరవడం లేదు. ఎడ్లు ఎందుకో మాటిమాటికీ చెవులు రిక్కించి నిలబడిపోతున్నాయి. లాకుల దీపం దూరంగా కనపడుతోంది, అక్కడ రేడియో ముందు జనం చేరినట్టున్నారు. మేం వెతుకుతున్నది రెండు మసక లైట్ల కోసం. నాన్న కళ్ళార్పడం లేదు.

వచ్చినవి మసకవి కావు. లాకుల మలుపు దగ్గర ఒక్కసారిగా గట్టంతా తెల్లబడింది. ఎత్తుగా, ఎడంగా, రెండు.

"లారీ" అన్నాడు నాన్న.

అక్క నా ఒళ్ళోంచి తల ఎత్తింది. కళ్ళు మూసుకునే ఉంది. "నాన్నా, అది మామయ్య కారు. ఆ చప్పుడు నాకు తెలుసు."

"మామయ్య కారుకు ఆ లైట్లెక్కడివే? ఇసక లారీ అది. పక్కకు తీస్తున్నా, గట్టిగా పట్టుకోండి."

"నీకిప్పుడు గాలి వీచినా మామయ్య కారే. పడుకో తల్లీ" అంది అమ్మ.

నాన్న చెయ్యవలసిందే చేశాడు. రెండు చక్రాలూ దించాడు. మా ఎడమ పక్క కాలవ. మూడు రోజుల ముసురుకు నానిన అంచు, ముందు ఎడమ పక్క ఎద్దు ఎర్రోడి కాలి కింద మెత్తగా, చప్పుడే లేకుండా జారిపోయింది. ఎర్రోడు మోకాళ్ళ మీద పడి నీళ్ళలోకి జారాడు, కాడి వంగింది, బండి ఒరిగి ఒక తుమ్మ మొద్దుకు ఆనుకుని ఆగింది. లాంతరు నీళ్ళలో మునిగి ఆరింది. నేనూ అమ్మా అక్క చంకల కింద చేతులు వేసి రోడ్డు పక్క గడ్డి మీదికి ఎలా లాగామో నాకు గుర్తులేదు. సరిగ్గా అప్పుడే ఆ వెలుగు మా తలల పైనుంచి దాటిపోయింది. మడ్‌గార్డుల మీది లైట్లకు తారు పగల్లా కనిపించి ఉంటుంది, తారు దిగిన మేం ఆ వెలుగు పక్కన మరింత చీకట్లో కలిసిపోయాం. వెనక ఎర్ర దీపం దూరమవుతుంటే అప్పుడు గుర్తుపట్టాను, ఒక పక్క సొట్టపోయిన ఆ డిక్కీని. అరిచాం. రేడియోలో వార్తలు మొదలయ్యాయి.

నాన్న నడుము లోతు నీళ్ళలో నిలబడి ఎర్రోడి మూతి పైకెత్తి పట్టుకున్నాడు. కూతురు అక్కడ పడి ఉంటే ఎద్దును పట్టుకున్నాడేమిటని తర్వాత ఊళ్ళో కొందరన్నారు. అన్నవాళ్ళు ఆ నీళ్ళలో లేరు. రెండో ఎద్దు మచ్చోడు ఇంకా కాడికే ఉన్నాడు, ఇదొకటి మునిగితే రెండూ మునిగేవి.

మామయ్య మా ఇంటికి వెళ్ళి, అమ్మమ్మ చెప్పింది విని, ఎక్కడా ఎదురుపడలేదే అనుకుంటూ కారు తిప్పుకుని, తల కిటికీలోంచి బయట పెట్టి నెమ్మదిగా వెనక్కొచ్చాడు. ఆ వచ్చేసరికి అక్కకు ఇక ఆగేలా లేదు. కారు మా ముందు ఆగింది. లైట్లు నేరుగా అక్క మీద పడ్డాయి. బురద, తడి చీర, అన్నీ, అంగుళం అంగుళం. మామయ్య దిగి నిలబడిపోయాడు. నన్ను చూసి తారెందుకు దిగారని అడిగాడు.

నీళ్ళలోంచి నాన్న అన్నాడు, "నిన్ను చూడలేదయ్యా. లైట్లు చూశాం."

అక్క మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మామయ్యా, ఆ లైట్లు ఆపెయ్" అంది.

ఆపేశాడు. బిడ్డ చీకట్లో పుట్టాడు, అమ్మ చేతుల్లో. మామయ్య అటు తిరిగి నిలబడి, వెనక్కి చెయ్యి చాచి అగ్గిపుల్లలు గీశాడు. మగపిల్లవాడు. చిన్నగా, కోడిపిల్లలా ఒక్కసారి కీచుమన్నాడు. అమ్మ వాణ్ణి తన పైట కొంగులో చుట్టింది. వాళ్ళిద్దరినీ, అక్కనీ వెనక సీటులో పెట్టుకుని, నేను ముందు కూర్చుని విజయవాడ బయల్దేరాం. నాన్న ఎద్దు దగ్గరే ఉండిపోయాడు. లాకుల వాళ్ళొచ్చి సాయం పట్టారట.

మామయ్య ఆ లైట్లు వేసుకునే తోలాడు, వేరే దారి లేదు. ఎదురొచ్చిన ప్రతి బండీ మమ్మల్ని చూసి తారు దిగి, అంచు దాకా పోయి ఆగుతోంది. ఒక్కొక్కటి అలా దిగినప్పుడల్లా ఆయన గొంతులోంచి చిన్న మూలుగు వచ్చేది. కంకిపాడు దాటాక అమ్మ కొంగు సర్దుతూ ఆగిపోయింది. కొంగులో కదలిక లేదు. నేను వెనక్కి తిరగలేదు. ఇంకొంచెం ఆలస్యమైతే తల్లిని కూడా దక్కించలేకపోయేదాన్నని డాక్టరమ్మ చెప్పింది. అంటే ఆ లైట్లే లేకపోతే, అంత వేగంగా తోలకపోతే, అక్క లేదన్నమాట. ఈ లెక్క ఎటు నుంచి కూడినా నాకు సరిపోలేదు, నేర్చుకున్న కూడికలు ఇక్కడ పనికి రావు.

మామయ్య లైట్లు పీకేశాడని రాస్తే బాగుండేది. పీకలేదు, బతకాలి కదా. కానీ ఆయన కారు నడిపినన్నాళ్ళూ, గట్టు మీద లాంతరు కనపడితే దూరాన్నే కారు ఆపి, లైట్లు ఆర్పి, బండి దాటిపోయేదాకా చీకట్లో కూర్చునేవాడు. ఎక్కినవాళ్ళు విసుక్కునేవాళ్ళు, తోటి డ్రైవర్లు నవ్వేవాళ్ళు. నాన్న మాత్రం ఆ తర్వాత దూరాన లైటు కనపడి ఎవరైనా అదేమిటని అడిగితే, దగ్గరికొచ్చాక చూద్దాం అనేవాడు.

అక్కకు తర్వాత ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల కొడుకే ఈ లైట్ల పిల్లవాడు. ఇప్పుడు గట్టు రోడ్డు వెడల్పయింది, ఎడ్లబళ్ళు లేవు, లాంతరు లేదు. మొన్న పామర్రు నుంచి వాడి కారులో వస్తూ చూశాను, ఎదురొచ్చే అన్నిటికీ అవే తెల్లటి కళ్ళు, కారైనా, లారీ అయినా, ఆటో అయినా. ఎవరికెవరూ దిగరు. మినుకుమన్న వెలుగును చూసి ఫలానావాడు వస్తున్నాడు, అన్నం వార్చండి అని చెప్పే మనిషి ఎవరూ మిగల్లేదు. ఇంత వెలుగు ఉంది కదా, వస్తున్నది మనవాళ్ళో కాదో తెలుసుకోవడం మాత్రం పోయింది. వెనక సీటులో అక్క దారంతా కళ్ళు మూసుకునే కూర్చుంది. ఎందుకని వాడు అడిగాడు, నిద్రొస్తోందని చెప్పింది.

ఇంతసేపూ వరసలే రాశాను. పేర్లు రాయడం నాకు ఆలస్యంగా వచ్చింది, అందుకని చివరికి పెట్టుకున్నాను. ఆ సాయంత్రం గట్టు మీద ఉన్నది, మా నాన్న యేసోబు. మా అమ్మ సుందరమ్మ. మామయ్య దానియేలు. అక్క మరియమ్మ. నేను, రూతమ్మను. ఎర్రోడు, మచ్చోడు. ఇంకొకడు కూడా ఉన్నాడు, వాడికి పేరు పెట్టలేదు.