మూడో తరగతి పటంలో కుంట

పదకొండేళ్ళు రెండో తరగతికి ఎక్కాలు చెప్పి చెప్పి నా గొంతు పోయింది. గట్టిగా మాట్లాడకూడదని డాక్టరు రాసిచ్చిన చీటీ చూపిస్తే మా కరస్పాండెంట్ సార్ కాసేపు ఆలోచించి, "అయితే లైబ్రరీల కూసోండ్రి మేడం. ఆడ ఎట్లనూ మాట్లాడొద్దు గదా" అన్నారు. అలా ఇబ్రహీంపట్నంలోని ఆ ప్రైవేటు బడిలో నేను లైబ్రేరియన్‌నయ్యాను. లైబ్రరీ అంటే ఒక గది, రెండు బీరువాలు. తాళంచెవులు మాత్రం ఆఫీసులో ఉండేవి. పిల్లల చేతికిస్తే పుస్తకాలు నలిగిపోతాయని సార్ నమ్మకం.

ఆదిభట్ల వైపు కంపెనీ బస్సులు తిరగడం మొదలైన రోజులవి. ఆ బస్సుల్లో వచ్చేవాళ్ళ పిల్లల్ని మా బడిలో చేర్పించుకోవాలని సార్ పట్టుదల. అందుకని ఒక డిజిటల్ బోర్డు తెప్పించారు. ఏసీ ఉన్న గది అదొక్కటే కాబట్టి లైబ్రరీలో బిగించారు. కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టారు, సరిగ్గా తెర మధ్యలో. ఎంత తుడిచినా ఆ కుంకుమ పూర్తిగా పోలేదు. సింహం వచ్చినా, కూడికలు వచ్చినా ఎక్కడో ఒకచోట ఎర్రమచ్చ ఉండేది. సింహానికి అది నుదుటి మీద కాకుండా మూతి మీద పడేది.

"ఇగ టీచర్లందరికి ఇది నేర్పించుడు మీ పనే" అన్నారు సార్. ఫోన్లో మెసేజ్ పంపాలన్నా మా పెద్దమ్మాయిని బతిమాలుకునే మనిషిని నేను.

బోర్డుతోపాటు పాఠాల సీడీలు కూడా వచ్చాయి. మూడో తరగతి 'మన ఊరు' పాఠంలో మంచు పేరుకున్న ఇళ్ళు, గుమ్మాల ముందు పాలసీసాలు పెట్టిపోయే టోపీ మనిషి ఉన్నారు. పాఠం అయ్యాక మన ఊళ్ళో ఏముంటుందని అడిగితే పిల్లలంతా ఒక్క గొంతుతో "మంచు!" అన్నారు. బయట మార్చి నెల ఎండ మండిపోతోంది.

మూడో తరగతి టీచరు ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. మొహమాటం తెలియదు. "అక్కా, గీ మంచు జూపిచ్చి పిల్లల్ని ఆగం జేస్తున్నం" అంది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఆకాశం నుంచి తీసిన ఫొటోలతో ఊళ్ళ పటాలు కంప్యూటర్‌లో కనిపిస్తాయని మా అమ్మాయి ఒకసారి చూపించింది. బడి వదిలాక ఇద్దరం బోర్డు ముందు కూర్చుని వెతికాం. మొదట పొరపాటున ఏదో సముద్రంలో పడ్డాం. మూడో రోజుకి ఇబ్రహీంపట్నం దొరికింది. ఆమె తెర దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి, "అవ్! గిది మా ఇల్లే! గవి మా రేకులు! బర్రెల కొట్టం సుత వడ్డది సూడక్కా!" అని చిన్నపిల్లలా గెంతింది. నా పదకొండేళ్ళ ఉద్యోగంలో ఒక టీచరు పాఠం చూసి గెంతడం అదే మొదటిసారి.

పిల్లలైతే మరీను. ఎవరి ఇల్లు వాళ్ళు వెతుక్కోవడానికి తోసుకున్నారు. ఒక్క పాఠంతో తూర్పు, పడమర, రోడ్డు, కాలువ అన్నీ వచ్చేశాయి. సార్ సంబరపడిపోయి, "పేరెంట్స్ మీటింగ్‌ల ఇదే చూపెడదాం" అన్నారు.

బడి పక్కనే సార్ ఒక వెంచర్ కూడా వేశారు. పేరు లేక్ వ్యూ. ఆ లేక్ ఎక్కడుందని ఎవరూ అడగలేదు. స్టాఫ్‌కి ముందుగా ఇస్తామంటే బడంగ్‌పేట్‌లో అద్దెకుంటున్న మేమూ ఒక ప్లాటు తీసుకున్నాం.

మీటింగ్ రోజున ముందు వరుసలో కంపెనీ ఉద్యోగులు, వాళ్ళ పక్కనే ప్లాట్లు కొన్నవాళ్ళు కూర్చున్నారు. బోర్డు మీద పటం వెలిగింది. టీచరు ఒక పాపను పిలిచి, "మన బడి యాడుందో చూపెట్టు" అంది. పాప టక్కున చూపించింది.

"శభాష్. బడి పక్కన ఏమున్నది?"

"కుంట, టీచర్."

"ఏం కుంట?"

"నీళ్ళ కుంట. గిదే. ఆడ బర్రెలను కడిగెటోళ్ళని మా నాయినమ్మ చెప్పింది."

ఆ ఫొటో కొన్నేళ్ళ కిందటిదని, వెంచర్ వేయకముందు తీసిందని అప్పుడు తట్టింది నాకు. వారంపాటు రోజూ చూశాను. ఆ ముదురాకుపచ్చ మచ్చను చెట్లనుకున్నాను. చూడాలనుకోనిది కళ్ళెదుట ఉన్నా కనిపించదు కాబోలు.

"అది మబ్బు నీడ" అన్నారు సార్.

"మబ్బు కాదు సార్, నీళ్ళే" అంది పాప.

ముందు వరుసలో ఒకాయన లేచారు. "లేక్ వ్యూ అంటే లేక్ లోపలి నుంచా సార్?"

నవ్వినవాళ్ళంతా ప్లాట్లు కొననివాళ్ళే. సార్ గబగబా సమోసాలు తెప్పించారు.

సాయంత్రం మా ఇద్దరినీ ఆఫీసుకి పిలిచారు. "గా కుంటను తీసెయ్యుండ్రి మేడం."

"అది పైనుంచి తీసిన ఫొటో అండీ. నా చేతిలో లేదు."

"పైన ఎవరు? గాళ్ళ నంబరియ్యుండ్రి, నేను మాట్లాడ్త."

నేను తల దించుకున్నాను. టీచరు దించుకోలేదు. "సార్, నేల మీది కుంటను మీరు తీసిండ్రు. బోర్డు మీదిది మమ్మల్ని తియ్యమంటే ఎట్ల?" అంది.

మర్నాటి నుంచి లైబ్రరీకి ఇంటర్నెట్ లేదు. మళ్ళీ మంచు కురిసింది. టీచర్ని నర్సరీకి మార్చారు. ఆమె దసరా దాకా ఓపిక పట్టి రావిర్యాల దగ్గర ఇంకో బడిలో చేరింది. నేను ఆమె తరఫున ఒక్క మాట కూడా అనలేదు. గొంతు బాగాలేదని చెప్పుకోవచ్చు గానీ, అసలు కారణం ప్లాటు.

ఆ వానాకాలం మావారు వెళ్ళి చూసొచ్చి, కాళ్ళు కడుక్కుంటూ "అమ్మేద్దాం" అన్నారు. అమ్మేశాం. కొన్నాయన కుంట సంగతి అడగలేదు. మేమూ చెప్పలేదు. సార్‌ని తిట్టుకుంటూనే ఆ పని చేశాం.

కొన్నాళ్ళకి టీచరు ఫోన్ చేసింది. "ప్లాటు అమ్మిండ్రంట గదా. కొన్నోళ్ళకు పటం జూపిచ్చినవా అక్కా?"

నేను మాట మార్చి, కొత్త బడి ఎలా ఉందన్నాను. ఆమె, "నాలుగో తరగతికి బావుల పాఠమున్నది. పటంల బావులెట్ల గుర్తువట్టాల్నో తెలుస్తలేదు. శనివారం వస్తవా?" అంది.

సెలవు పెట్టి వెళ్ళాను.