కుంట గట్టున మాయమైన గౌరి

మాది పినపాక దగ్గర అడవి అంచు ఊరు. మొన్న వేసవిలో మా బర్రె గౌరి ఎక్కడుందో ఫోన్‌లో తెలిసేలా దాని మెడపట్టీకి బ్లూటూత్ బిళ్ల కట్టాను. అందులోని చిప్ ఎక్కువసేపు నిద్రపోతూ, మధ్యమధ్య లేచి దగ్గర్లోని ఫోన్‌కు సంకేతం పంపుతుంది. అందుకే చిన్న బ్యాటరీ నెలల తరబడి వస్తుంది.

ఒక మధ్యాహ్నం నేను కుంట గట్టున ఉండగానే ఫోన్‌లో గౌరి మాయమైంది. అటు నడిచినా లేదు, ఇటు నడిచినా లేదు. నాకేమీ అర్థం కాలేదు.

"ఇప్పటిదాక ఈడనే చూపిచ్చింది. పులి గిట్ల పట్టిందేమో!" అని ఊరంతా వినేలా అరిచాను.

నా భార్య వచ్చి "గౌరీ!" అని పిలిచింది. నీళ్లలో ముక్కులు మాత్రమే తేలుతున్న బర్రెల్లోంచి ఒకటి లేచి నిలబడింది. వెంటనే ఫోన్ మోగింది. మెడ మునిగితే నీళ్లే సంకేతాన్ని మింగేస్తాయట!

"అంతసేపు ఫోన్‌నే అడిగినవ్. దాన్ని ఒక్కసారన్న పిలిచినవా?" అంది.

బిళ్ల ఇంకా గౌరి మెడకే ఉంది. నేను మాత్రం ముందు పిలిచి, తర్వాతే ఫోన్ తీస్తున్నాను.