పెద్ద డాక్టరుగారి ఆఖరి క్యాసెట్టు

1983లో నేను తిరుపతిలో, అలిపిరి పోయే రోడ్డు మీద ఒక నర్సింగ్ హోమ్‌లో మెడికల్ టైపిస్టును. డాక్టరు క్యాసెట్టులో చెప్పిపెట్టిన కేసు వివరాలు విని టైపు కొట్టడం నా పని. రోగి ఇంటికి వెళ్ళేటప్పుడు చేతికిచ్చే ఆ కాగితాన్ని డిశ్చార్జ్ సమ్మరీ అంటారు. ముందే చెప్పేస్తున్నా, నాకు దయ్యాలంటే భయం లేదు. మా అత్తగారితో అన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, దయ్యాలు నన్నేం చేస్తాయి?

మా పెద్ద డాక్టరుగారికి చెప్పిందే చెప్పడమంటే విసుగు. అందుకని ఇద్దరం కూర్చుని కొన్ని పొట్టి గుర్తులు పెట్టుకున్నాం. ఆయన 'ఓ.ఆర్.' అన్నారంటే ఆపరేషన్ రొటీన్ అని. మత్తు మామూలుగా ఇచ్చాం, గొంతులో గొట్టం పెట్టాం, ఏ ఇబ్బందీ రాలేదు, రోగి బల్ల మీదే తెలివిలోకి వచ్చింది అని ఇంగ్లీషులో ఒక పేరా మొత్తం నేను కొట్టేయాలి. ఒక పేరాకు ఒకటే గుర్తు, ఎన్నాళ్ళయినా అదే. ఇవాళ ఒకటి, రేపొకటి అయితే ఆలోచించాలి, ఆలోచిస్తే వేళ్ళు ఆగిపోతాయి. కొన్నాళ్ళకు అన్నీ వేళ్ళకే వచ్చేశాయి. రోగి పేరు, వయసు, కోత ఎక్కడ పెట్టారో వినగానే, ఆయన నోట ఆ గుర్తు రాకముందే పేరా మొదలుపెట్టేదాన్ని. ఆయన పక్కనుంటే నవ్వేవారు.

"నా నోటికంటే నీ చేతులు ముందు పోతా ఉండాయి తల్లీ. సూసుకో, యాడన్నా తట్టుకుని పడతావు."

ఆ ఏడు వానాకాలంలో ఒక సాయంత్రం ఆయన ఆపరేషన్ ముగించి, క్యాసెట్టు చెప్పి, ఇంటికి వెళ్ళి భోజనానికి కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. గుండె. ఉన్న రోగులను వేరే ఆసుపత్రికి పంపి నర్సింగ్ హోమ్‌కు తాళం వేశారు. క్యాసెట్టు ఆయన గదిలో, రికార్డరులోనే ఉండిపోయింది.

కొత్త సర్జన్ వచ్చి తలుపులు తెరిచిన వారంలోనే సత్యవేడు నుంచి నాగరత్నమ్మను తెచ్చారు. పెద్ద డాక్టరుగారు ఆఖరి రోజున పిత్తాశయంలో రాళ్ళు తీసిన మనిషి. ఇప్పుడు పేగు మెలికపడి కడుపు ఉబ్బిపోయింది. ఆ పూటే కోయకపోతే దక్కదన్నారు. కిరాణా అంగడి నడుపుకునే ఆమె భర్త వెంకటప్ప నా టైపు గది గుమ్మంలో చేతులు జోడించి నిలబడ్డాడు.

"అమ్మా, పాత కాయితం నువ్వే కొట్టాలంట గదా. అది సూడకుండా మత్తు ఈనంటాడు ఆ డాక్టరు. పిలకాయలు అమ్మ యాడ, అమ్మ యాడ అని ఏడస్తా ఉండారు. బిన్నా కొట్టమ్మా, ఆలీసం సెయ్యొద్దు, నీకు పుణ్యముంటాది."

"పోయినసారి మత్తుకు ఏమన్నా ఇబ్బంది అయిందా అన్నా?"

"మమ్మల్ని బయట కూర్చోబెట్టినారు. మాకేం తెలుసు? ఆమెకైతే ఏమీ గ్యాపకం లేదు."

అప్పుడు మత్తిచ్చిన డాక్టరు మద్రాసాయన. ట్రంక్ కాల్ బుక్ చేస్తే లైను దొరకలేదు. థియేటర్ సిస్టరు ఉద్యోగం మాని కేరళ వెళ్ళిపోయింది. ఆ రోజు లోపల ఏం జరిగిందో చెప్పడానికి మిగిలింది ఆ క్యాసెట్టు ఒక్కటే.

మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద గోవింద నామాలు వినబడుతున్నాయి. పెద్ద డాక్టరుగారి గదిలో ఫ్యాను ఆపి ఉంది. నా టైపు మిషను ఆయన బల్ల మీద పెట్టుకుని రికార్డరు మీట నొక్కగానే క్యాసెట్టులో అదే ఫ్యాను కిర్రు కిర్రుమంటూ తిరగడం మొదలైంది.

"రాసుకో తల్లీ."

రెండు చేతులూ మిషను మీద పెట్టాను. పేరు చెప్పారు, వయసు చెప్పారు, కోత కుడి పక్కటెముకల కింద అన్నారు. తర్వాత మాట లేదు, ఫ్యాను చప్పుడే. నా వేళ్ళు ఎప్పటిలాగే బయల్దేరాయి. మత్తు మామూలుగా ఇచ్చాం, ఏ ఇబ్బందీ రాలేదు, తెలివిలోకి వచ్చింది. చుక్క పెట్టాను.

"ఆగు తల్లీ. అది కొట్టొద్దు."

నా భుజం మీదుగా కాగితం చూసి అన్నట్టే అన్నారు. గిరుక్కున వెనక్కి తిరిగాను. ఖాళీ కుర్చీ. "సరే సార్" అన్నాను, పైకే, పిచ్చిదానిలాగా.

"ఈమెకు ఓ.ఆర్. కాదు. గొట్టం పెట్టే ముందర కండరాలు సడలేదానికి ఇచ్చే సూది ఈమెకు పడలేదు. నిమిషాల్లో రావాల్సిన ఊపిరి గంటలైనా రాలేదు. చేత్తో గాలి బ్యాగు నొక్కి నొక్కి బతికించుకున్నాము. ఇంక జన్మలో ఎవురూ ఆ సూది ఇవ్వకూడదు. పెద్దక్షరాల్లో కొట్టు. ఇంట్లో వాళ్ళకు రేపు నేనే చెప్తాను."

ఆయనకు ఆ రేపు లేకపోయింది. నేను రికార్డరును చంకనబెట్టుకుని థియేటరుకు పరిగెత్తాను. మత్తు డాక్టరు ట్రేలో సూదులు సర్దుకుంటున్నాడు. కొత్త సర్జన్ క్యాసెట్టు వెనక్కి తిప్పి పెట్టాడు. ఇద్దరూ విన్నారు. మత్తు డాక్టరు ట్రేలోంచి ఒక సూది తీసి పక్కన పెట్టేశాడు. అది లేకుండానే వేరే పద్ధతిలో మత్తిచ్చి ఆపరేషన్ చేశారు. నాగరత్నమ్మ బతికింది.

వాళ్ళతోపాటు వింటున్నప్పుడే నాకు ఒక సంగతి తట్టింది. 'పక్కటెముకల కింద' అన్న వెంటనే 'ఆగు తల్లీ' వచ్చేసింది. మధ్యలో ఊపిరి పీల్చుకున్నంత సందు కూడా లేదు. మరి నేను పేరా మొత్తం కొట్టింది ఎప్పుడు? కాగితం చూస్తే చివరి చుక్కతో సహా పేరా ఉంది.

"కంగారులో పాజ్ నొక్కి ఉంటారమ్మా" అన్నాడు కొత్త సర్జన్.

నొక్కానేమో. నా రెండు చేతులూ మిషను మీదే ఉన్నాయని ఆయనతో అనలేదు.

భార్యను ఇంటికి తీసుకెళ్ళే రోజు వెంకటప్ప బెల్లం బుట్టతో వచ్చాడు. సంగతంతా అప్పటికే విని ఉన్నాడు. కళ్ళు తుడుచుకుంటూ, "ఇంట్లో వాళ్ళకు నేనే చెప్తానని అనినాడంట గదమ్మా ఆ మారాజు. పోయి గూడా మాట నిలబెట్టుకున్యాడు" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

తర్వాత నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయిలందరికీ ఒకటే చెప్పాను. గుర్తులు ఎప్పుడూ మార్చకండి, వేగం వాటితోనే వస్తుంది. కానీ చెవిన పడకముందే చేతిని పోనివ్వకండి, ఆ కాగితం అవతల ఒక మనిషి ఊపిరి ఉంటుంది. ఇప్పటికీ ఎవరైనా చెబుతూ చెబుతూ మాట ఆపితే నా చేతులు మిషను మీద నుంచి వాటంతటవే లేస్తాయి. దయ్యాలంటే భయం లేదన్నానా? నిజమే, లేదు. కాకపోతే వెనక్కి మాత్రం చూడను.