అక్క కోసం నాన్న ఏరి తెచ్చిన కార్టూన్ సీడీలు

నిన్న నాన్నా నేనూ మాదాపూర్‌లో అక్క పనిచేసే యానిమేషన్ ఆఫీసుకు వెళ్తే, ఆమె టేబుల్ మీద మా పాత కార్టూన్ సీడీ ఒకటి కనిపించింది. మీకూ గుర్తుండే ఉంటాయి, ఫుట్‌పాత్ మీద కుప్పపోసి అమ్మిన ఆ చవక సీడీలు, వాటి పల్చటి ప్లాస్టిక్ కవర్ల వాసన.

అక్కకు పుట్టినప్పటి నుంచీ వినపడదు. టీవీ చూస్తూ మేం నవ్వితే, మా ముఖాలు చూసి తనూ నవ్వేది. అది కనిపెట్టింది నాన్నే. తను పనిచేసే జీడిమెట్ల మందుల ఫ్యాక్టరీకి సెలవున్న రోజు నన్ను వెంటబెట్టుకుని కోఠి వెళ్లి, ఆ కుప్పల ముందు కూర్చునేవాడు.

"అన్నా, మాటలు లేని బొమ్మలేమన్న ఉన్నయా? మా బిడ్డకు ఇనపడదు."

"గీ పాతయి తీస్కపోండి సార్. వీటిని ఎవలూ కొంటలేరు."

ఆ సాయంత్రం వేసిన మొదటి సీడీలో, గాలికి ఎగిరిపోతున్న టోపీ వెనక ఒక బాతు పరుగెడుతుంది. నలుపు తెలుపు బొమ్మ, ఒక్క మాట లేదు. మా అందరికంటే ముందు అక్క పకపకా నవ్వింది. నాన్న టీవీ వైపు చూడనేలేదు, అక్కనే చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత మా షోకేసు నిండా అవే. అక్క ఒక్కో బొమ్మనూ ఆపి, చూసి గీసేది.

నిన్న తను తీసిన మొదటి కార్టూన్ మాకు వేసి చూపించింది. మూడు నిమిషాలే. అయిపోగానే నాన్న కళ్లు తుడుచుకుని, ఇంకోసారి వెయ్యమని అక్కకు సైగ చేశాడు.